మడమ మీద కూర్చున్న మనిషి

మా అమ్మ ఎప్పుడు కూర్చున్నా మడమ మీదే కూర్చునేది. పీట వేసినా అంతే, చాప పరిచినా అంతే. చుట్టాలింట్లో కుర్చీ వేసి బతిమాలితే, ఆ కుర్చీలో కూడా కుడికాలు పైకి మడిచి, మడమను తన కిందికి తెచ్చుకుని, దాని మీద బరువంతా దించేది. దించాక ఒక చిన్న ఊపిరి విడిచేది. బజారు నుంచి నిండు సంచీ మోసుకొచ్చి గడపలో పెట్టినవాళ్ళు విడుస్తారే, ఆ ఊపిరి.

అమ్మ పోయి చాలా ఏళ్ళయినా ఆ ఊపిరి నాకు వినిపిస్తూనే ఉంది. మరమగ్గాలు నడుస్తున్నంతసేపు వినపడదు. సూరత్‌లో మగ్గాలు నడుస్తుంటే దేవుడు ప్రత్యక్షమై వరం ఇచ్చినా, ఏమిచ్చావో ఇంకోసారి చెప్పమని అడగాలి. వారానికోరోజు షెడ్లకు కరెంటు ఉండదు. ఆ రోజు ఊరు ఒక్కసారిగా నోరు మూసుకుంటుంది. అప్పుడు నా వెనకాల ఎవరో బరువు దించుకుని 'హుఁ' అన్నట్టు ఉంటుంది. తిరిగి చూస్తే దారాలు కత్తిరించాల్సిన చీరల మూట ఉంటుంది, అంతే.

అమ్మ కరీంనగర్ దిక్కు నుంచి పెళ్ళయి సూరత్ వచ్చింది. నాన్న మగ్గం మీద, అమ్మ బాబిన్లకు దారం నింపే మిషన్ మీద. ఐదో తరగతి తర్వాత బడి నన్ను వదిలిందో, బడిని నేను వదిలానో ఇద్దరికీ గుర్తులేదు కానీ, నేనూ వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. నేను చక్కగా బాసింపట్టు వేసుకుని కూర్చునేదాన్ని. అమ్మ మడమ మీద. ఆ మడమకు బయటివైపు చింతగింజ రంగులో కాయ కాసింది.

"అమ్మా, గట్ల కూసుంటే కాలు నొయ్యదా?" అని ఒకసారి అడిగాను.

"సర్కారు కుర్చీ ఇయ్యకపాయె. దేవుడు మడమిచ్చిండు. నీకేం బాధనే?" అంది.

నాకు నాలుక అమ్మ నుంచే వచ్చింది. ఏదైనా ప్రశ్న తగలకూడని చోట తగలబోతే చాలు, ఆమె దాని ముందు ఒక నవ్వు పెట్టేది. ప్రశ్న ఆ నవ్వుకి తట్టుకుని బోర్లా పడేది. నేనూ నవ్వేసి బాబిన్ మార్చుకునేదాన్ని.

నా కూతురు బడిలో చేరిన ఏడు అమ్మ జ్వరంతో పోయింది. ఆఖరి స్నానం పోయించడానికి మా రేకుల గది ముందు ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టుకుని నిలబడ్డారు. మరకలు పడ్డాయని సేటు వెనక్కి కొట్టిన చీరలవి. ఒకదాని మీద నెమళ్ళు, ఒకదాని మీద మామిడి పిందెలు. ఆ గుడ్డ గోడల మధ్య అమ్మా, నేనూ, చిన్నమ్మా. చిన్నమ్మ అంటే మాకు నెత్తురు చుట్టం కాదు. మా ఊరి పక్క ఊరు, మా గోడకు అవతలి గోడ. అమ్మకంటే వయసులో చిన్న, నోటికి పెద్ద. ఆ రోజు మాత్రం ఆమె నోరు కూడా లేవలేదు.

అమ్మ చీర తీసేసరికి కింద ఇంకో గుడ్డ ఉంది. లంగోటీలా మడిచి నడుముకు నాడాతో బిగించినది. మగ్గం కింద రాలిన రంగురంగుల పీలికలు కలిపి చేత్తో కుట్టినది. మధ్యలో గుడ్డ ఉండ ఒకటి పెట్టి ఉంది. చిన్నమ్మ ముడి విప్పింది. నేను చూశాను. దాని పేరేమిటో అప్పుడు నాకు తెలియదు. లోపల ఉండాల్సినదేదో బయట ఉంది. పిడికిలంత. ఒరుసుకుని ఒరుసుకుని ఎర్రబారి, పొరలు లేచి ఉంది. చిన్నమ్మ నా తల రెండు చేతులతో పట్టుకుని, చంటిపిల్ల తల తిప్పినంత మెల్లగా పక్కకు తిప్పింది.

"నీళ్లు పొయ్యి, బిడ్డా," అంది.

నెమళ్ళను చూస్తూ నీళ్ళు పోశాను. స్నానం అయ్యాక చిన్నమ్మ "జర ఆగు" అని చీరల సందులోంచి బయటికి వెళ్ళి, తన గదిలోంచి ఉతికి మడత పెట్టిన తెల్లటి గుడ్డ ఒకటి తెచ్చింది. దాన్ని ముందున్నట్టే అమ్మకు కట్టింది. ముడి వేసి, ఆ ముడిని ఒకసారి అరచేత్తో నొక్కింది. పైన కొత్త చీర చుట్టాం. అప్పుడు నెమళ్ళూ, పిందెలూ దిగిపోయి జనం లోపలికి వచ్చారు.

ఆ గుడ్డ గురించి ఎవరూ మాట్లాడలేదు. చిన్నమ్మ చెప్పలేదు, నేను అడగలేదు. పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారిని ఏడిపించడానికి ఊళ్ళో ఉధ్నా పేట నుంచి ఉన్ పేట దాకా నన్ను పిలుచుకుపోతారు. మాటకు నాకు కరువు లేదు. ఆ ఒక్కదానికే మాట దొరకలేదు. రోడ్డు మీద ఎక్కడైనా తెల్లగుడ్డ ఆరేసి కనిపిస్తే చాలు, చితి మీద అమ్మ ముందు కాలిందా, ఆ ముడి ముందు కాలిందా అనిపించేది. అది విడిపోకుండానే వెళ్ళిపోయిందేమో. అక్కడ కూడా కట్టుకునే తిరుగుతోందేమో.

తర్వాత మునిసిపాలిటీవాళ్ళు మా రేకుల గదులు తీసేసి మమ్మల్ని కోసాడ్ కాలనీలోకి పంపారు. మూడో అంతస్తులో మేము, మొదటి అంతస్తులో చిన్నమ్మ. మధ్యాహ్నం పూట వరండాలో ఆడవాళ్ళమంతా కూర్చుని చీరలకు దారాలు కత్తిరిస్తాం, రాళ్ళు అతికిస్తాం. చిన్నమ్మ ఒడి నిండా చీర పరుచుకుని కూర్చుంటుంది, కాలి వేలు కూడా కనపడదు. నా పని నవ్వించడం. అందరూ పడీపడీ నవ్వుతుంటే నేను మాత్రం నవ్వను. "దీని మొకం చూడు, దొంగమొకం, నవ్వనే నవ్వదు" అని మెచ్చుకునేవాళ్ళు. అదో గొప్ప విద్య అనుకునేవాళ్ళు.

విద్యా లేదు, ఏమీ లేదు. నవ్వితే చీర తడిసేది.

మొదట తుమ్మితే ఒక బొట్టు. తర్వాత దగ్గితే. ఆ తర్వాత నవ్వితే. నలభై దాటిన ఒళ్ళు, నీళ్ళ కుళాయి, రెండూ కారతాయిలే అనుకున్నాను. నీళ్ళు తాగడం తగ్గించాను. నల్లచీరలు కొన్నాను. నాకు నలుపు బాగుందని మా ఆయన అన్నాడు, పాపం. తర్వాత సాయంత్రానికి కింద ఏదో బరువు. ఎవరో లోపల నుంచి చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగుతున్నట్టు. కూర్చుంటే తేలికగా ఉండేది. ఎలా కూర్చుంటే తేలికగా ఉందో మాత్రం చాలా రోజులు గమనించలేదు.

నా కూతురికి కాన్పు అయినప్పుడు ఆసుపత్రిలో దానికి తోడున్నాను. అక్కడ ఫిజియోథెరపీ చేయించే గుజరాతీ అమ్మాయి ఒకతె ప్రతి మంచం దగ్గరికీ వచ్చి బాలింతలకు వ్యాయామం నేర్పేది. అందరం ఆమెను బెన్, అంటే అక్కా, అనేవాళ్ళం. "మూత్రం ఆపుకున్నట్టు బిగించండి. పైకి లాగండి. మెల్లగా వదలండి. ఊపిరి మాత్రం ఆపొద్దు," అని హిందీలో చెప్పేది. నేను పక్క మంచం ఆమెతో, "మా కాలంల కని లేసి బట్టలుతికినం. ఇప్పుడు కనుటానికి గూడ ట్యూషన్ పెట్టిన్రు," అని వార్డంతా నవ్విస్తున్నాను. ఆ గోలలో ఆమె చెప్పినవాటిలో 'బిగించండి' ఒక్కటే నా చెవిన పడింది.

ఇంటికొచ్చాక ఎవరూ చూడకుండా మొదలుపెట్టాను. బిగించడం అంటే మాకు తెలిసింది ఒకటే పద్ధతి. మగ్గం మీదికి దారం చుట్టిన బరువైన బీము ఎక్కించేటప్పుడు మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఒకటే చేస్తాం. నోరు మూసి, ఊపిరి బిగబట్టి, పొట్టలో ఉన్న బలమంతా కిందికి తోసి 'హుప్'. నేనూ అలాగే చేశాను. వంట చేస్తూ హుప్. బట్టలు మడతపెడుతూ హుప్. శ్రద్ధగా చేశాను. బడిలో ఇంత శ్రద్ధ పెట్టి ఉంటే ఈపాటికి కలెక్టరునై ఉండేదాన్ని. ఎంత శ్రద్ధగా చేస్తే అంత బరువు దిగింది. ఒకరోజు స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. మెత్తగా, అక్కడ ఉండకూడనిది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చెంబులో నీళ్ళు ఒలికిపోయాయి. చుట్టూ స్నానాల గది గోడలే ఉన్నాయి. నాకు మాత్రం నెమళ్ళు కనిపించాయి.

ఆ సాయంత్రం మనవరాలిని ఊపుతూ వరండాలో కూర్చుని ఉన్నాను. నా కూతురు లోపలి నుంచి పాలసీసా పట్టుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. అది సూరత్‌లోనే పుట్టి పెరిగింది. మాట్లాడితే నాలుగు మాటలకు మూడు భాషలు.

"మమ్మీ, ఏక్ మినిట్. గట్ల ఎందుకు కూసున్నవ్?"

"ఎట్ల?"

"గట్లనే. అమ్మమ్మ లెక్క."

కిందికి చూసుకున్నాను. కుడికాలు మడిచి ఉంది. మడమ నా కింద ఉంది. బరువంతా దాని మీద ఉంది. కాలు బయటికి లాగి చూశాను. మడమ పక్కన చింతగింజంత మచ్చ మొదలైంది. కాలు అలా నేను పెట్టుకోలేదు. ఎవరో వచ్చి నా కాలు మడిచి, నన్ను కూర్చోబెట్టి వెళ్ళినట్టుంది.

"అమ్మమ్మ గట్ల ఎందుకు కూసునేటిదో నీకు ఎరుకేనా?" అని అడిగాను.

"నాకేం ఎరుక? నేను చోటీ పిల్లనప్పుడు. నడుము నొస్తదని చెప్తుండె. మమ్మీ, నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"

ఏడవడం లేదని చెప్పబోయి తుమ్మాను. తర్వాత దాచడానికి ఏమీ మిగల్లేదు.

మర్నాడే అది నన్ను ఆసుపత్రికి లాక్కుపోయింది. ఆ బెన్ దగ్గరికే. చిన్న గది, ఒక మంచం, పచ్చ తెర. తెర చూడగానే గుమ్మంలోనే ఆగిపోయాను. నాకు అడ్డం పట్టిన గుడ్డలంటే భయం. ఆ అమ్మాయి గమనించిందో ఏమో, తెర పక్కకు నెట్టి, తలుపు గడియ వేసి, "ముందు మాట్లాడుకుందాం, మాసీ. చూడటం తర్వాత. మీరు సరే అంటేనే," అంది.

ఎప్పుడు తడుస్తుంది, ఎప్పుడు బరువు, విరేచనం సాఫీగా అవుతుందా, మీ ఆయనతో ఉన్నప్పుడు నొప్పి ఉందా. అన్నం తిన్నారా అని అడిగినంత మామూలుగా అడిగింది. నేను ఒక్కోదానికీ ఒక్కో జోకు వేశాను. ఆమె ప్రతి జోకుకీ నవ్వింది, నవ్వాక మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. నా జోకు తగిలి బోర్లా పడని ప్రశ్న అదే మొదటిసారి.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా? మీ అమ్మగారికి?"

అప్పుడు చెప్పాను. మడమ, పీలికల గుడ్డ, ఉండ, తెల్లగుడ్డ ముడి, అన్నీ. నా కూతురు మూలన నిలబడి వింటోంది. దానికీ అదే మొదటిసారి వినడం. హిందీలో కాబట్టి చెప్పగలిగాను. హిందీ నాకు అద్దె ఇల్లు. గోడకు మేకు కొట్టినా అది నా గోడ కాదు. తెలుగులో అయితే మొదటి మాటకే నోరు పడిపోయేది.

బెన్ అంతా రాసుకుంది. తర్వాత చేతులకు తొడుగులు వేసుకుని, ఆపమంటే ఆ క్షణమే ఆపుతానని చెప్పి పరీక్ష చేసింది. "ఇప్పుడు మీరు రోజూ చేసే వ్యాయామం చెయ్యండి," అంది. నేను గర్వంగా 'హుప్' అన్నాను.

"మాసీ! మీరు పైకి లాగడం లేదు. బయటికి తోస్తున్నారు."

"బలమంతా పెట్టి చేస్తున్న గదా!"

"అదే ఇబ్బంది. బలం బాగుంది, దారి తప్పింది. ఇలా చాలామంది చేస్తారు."

ఆమె తన దుపట్టా రెండు కొసలూ నా కూతురి చేతికిచ్చి పట్టుకోమంది. మధ్యలో నా చేతిసంచీ పెట్టింది. దుపట్టా కిందికి వంగింది. "లోపల కూడా ఇలాగే కండరాల పట్టీ ఉంటుంది. గర్భసంచి, మూత్రసంచి దాని మీద ఆనుకుని ఉంటాయి. కాన్పులు, బరువులు, ఏళ్ళ తరబడి దగ్గు, ముక్కుతూ మలవిసర్జన, అన్నిటికీ అది సాగుతుంది. మీరు ఊపిరి బిగబట్టి తోసినప్పుడల్లా దాని మీద ఇంకో సంచీ పెట్టినట్టు." తర్వాత కూతురి చేతులు రెండూ దగ్గరికి జరిపి కాస్త ఎత్తింది. సంచీ పైకి లేచింది. "ఊపిరి వదులుతూ ఇలా. మెల్లగా. వదలడం కూడా మెల్లగానే. మీది మరీ దిగలేదు. నెలల తరబడి చెయ్యాలి, విసుగు పుడుతుంది, కానీ తేడా తెలుస్తుంది."

"నవ్వచ్చా?" అని అడిగాను. అసలు నేను వచ్చింది దాని కోసమే.

"నవ్వొచ్చు. నవ్వు వచ్చే ముందు పైకి లాగి పట్టుకోవాలి. దగ్గుకీ, తుమ్ముకీ అంతే."

అది నాకు సులువే. నవ్వు ఎప్పుడొస్తుందో మిగతావాళ్ళకు తెలియదు. జోకు వేసేది నేనే కాబట్టి నాకు ముందే తెలుస్తుంది.

వచ్చేస్తూ గుమ్మంలో ఆగి అడిగాను. "మా అమ్మ అంత ముదిరినదానికి ఏమన్న ఉంటదా, బెన్?"

"ఉంటుంది. దిగకుండా లోపల పెట్టే రింగులు ఉన్నాయి, ఆపరేషన్ ఉంది."

"అప్పుడు గూడ ఉండెనా?"

ఆ అమ్మాయి నా ముఖం చూసింది. అబద్ధం చెబుదామా అని ఒక క్షణం ఆలోచించినట్టుంది. "ఉండేది, మాసీ," అంది.

ఆ మాట నా వెంట ఆటో ఎక్కింది. అమ్రోలీ వంతెన మీద గాలికి నా చీర కొంగు ఎగురుతోంది. నా పక్కన మడమ మీద కూర్చుని ఎవరో నాతోపాటు ఆ మాట వింటున్నట్టుంది. ఉండేదట, అమ్మా. మనం నవ్విన రోజుల్లో కూడా అది ఉండేదట.

బెన్ పెట్టిన షరతు ఒకటుంది. బరువులు ఎత్తకూడదు. మాకు మోటారు చెడినప్పుడల్లా నీళ్ళ క్యాన్లు కింద నుంచి మోయాలి. చీరల మూటలు మోయాలి. నేను మానేస్తే మా ఆయన మోయాలి. మోయాలంటే ఎందుకో ఆయనకు చెప్పాలి.

ఇక్కడ మా కులవృత్తి అడ్డమొచ్చింది. మా ఆయనకు మగ్గాల మధ్య నిలబడి నిలబడి చెవులు పోయాయి. ఒక్క మా ఆయనకేనా, మా మగవాళ్ళలో సగంమంది అంతే. సూరత్ మగ్గపోడి పెళ్ళాం మొగుడి చెవిలో గుట్టు చెప్పడం అనేది ఉండదు. చెవిలో చెబితే ఆయనకు తప్ప అందరికీ వినపడుతుంది. ఆయన షెడ్డు నుంచి రాగానే తిని పడుకుంటాడు. దొరికేది సెలవు రోజే. అది మగ్గాలు ఆగిన రోజు. ఊరంతా చెవులు ఖాళీగా ఉన్న రోజు.

తలుపు వేసి, ఆయన మంచి చెవి వైపు కూర్చున్నాను.

"ఇగ మూటలు, క్యాన్లు నేను మొయ్య. నువ్వే మొయ్యాలె."

"ఆఁ?"

"నేను మొయ్య!"

"ఎందుకు మొయ్యవ్? చేతులకేమైంది?"

"చేతులకు గాదు."

"ఆఁ?"

"చేతులకు గాదయ్యా. కింద!"

ఆయన లేచి వెళ్ళి, వరండా గోడ మీంచి కిందికి వంగి చూసి వచ్చాడు. "కింద ఎవలు లేరు గదనే."

నాకు నవ్వొచ్చింది. ముందే తెలియని నవ్వు. పట్టుకునే లోపే వచ్చేసింది. కాళ్ళ వెంట వెచ్చగా కారుతుంటే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

"నా గర్భసంచి దిగుతున్నదయ్యా!" అని అరిచాను. తెలుగులో. "నవ్వితే ఉచ్చ పడుతున్నది! మా అమ్మకు గూడ గిదే రోగం! బయటికొచ్చింది, గుడ్డ కట్టుకుని బతికింది, గుడ్డ కట్టే పంపినం! నన్ను గూడ గట్లనే పంపుతరా?"

పక్క ఫ్లాటులో ఎవరో టీవీ సౌండు తగ్గించారు. పైన కుక్కరు ఈల వేయబోయి ఆగినట్టు అనిపించింది. మగ్గాలన్నీ ఆగిన ఆ మధ్యాహ్నం నా మాటలు మూడంతస్తుల మెట్లూ ఒక్కొక్కటే దిగిపోవడం నాకు వినిపించింది.

మా ఆయన నా ముఖం, తడిసిన నేల చూశాడు. గుసగుస అనుకుని ఆయన మాట్లాడే గొంతు వీధి చివరికి వినపడుతుంది. ఆ గొంతుతోనే, "గంత మొత్తుకోకు, అందరు ఇంటరు. నొస్తున్నదా?" అన్నాడు.

తల ఊపాను. ఆయన నేల తుడిచాడు. తర్వాత గుమ్మంలో ఉన్న మూట భుజానికెత్తుకుని కిందికి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలేలోపు చిన్నమ్మ వచ్చింది. మొదటి అంతస్తు నుంచి మూడుకి ఎక్కడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఒక్కో మెట్టు మీదా చెప్పులు ఆగడం విన్నాను. వచ్చి తలుపు వేసింది. ఒడిలో పరుచుకోవడానికి ఈసారి చీర తెచ్చుకోలేదు. గోడ పట్టుకుని, వంగి, కుడికాలు మడిచి, మడమను కిందికి తెచ్చుకుని దాని మీద కూర్చుంది.

"హుఁ," అంది.

అన్నేళ్ళుగా నా వెనకాల విన్నది ఎదురుగా ఉంది.

"చిన్నమ్మా, నువ్వు గూడనా?"

"మొత్తుకుంటివి గద, సూరత్ అంత ఇన్నది. ఇంక నాకేం సిగ్గు." ఆమె చీర చెంగుతో నోరు తుడుచుకుంది. "ఆ దినం మీ అమ్మకు కట్టింది ఎవరి గుడ్డనుకున్నవ్?"

నేను ఆమె చేతుల వైపు చూశాను.

"నాదే. నా కోసం కుట్టుకున్నది. మెత్తటిది, ఒరుసుకోదని దాసుకున్నది. మీ అమ్మది పీలికలది, గరుకు. గంత దూరం పోయే మనిషిని గరుకు గుడ్డతోని ఎట్ల పంపుదు?"

"మీరిద్దరు ఎన్నడన్న మాట్లాడుకున్నరా?"

"ఏం మాట్లాడుతం? ఒకరి తీగె మీద ఒకరి గుడ్డ ఆరేసుకునేటోళ్లం. అంతే." మడమ సర్దుకుంది. "మీ అమ్మకు నేను కట్టిన. నాకు కట్టేటోళ్లు ఎవలని రోజూ అనుకునేదాన్ని. కోడండ్లకు చెప్పలేను. ఇయ్యాల నీ గొంతు ఇన్నంక అనుకున్న, ఇది కడ్తదిలే అని. కడ్తవా, బిడ్డా? మెత్తటిది ఇంకోటి కుట్టి సందుగపెట్టెల పెట్టిన."

ఆమె ఏం అడగడానికి మెట్లెక్కి వచ్చిందో అప్పుడు అర్థమైంది. మందు కోసం రాలేదు. ముడి కోసం వచ్చింది.

"కట్ట," అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది.

"నేను కట్ట, చిన్నమ్మా. ఆ గుడ్డతోని నా మనవరాలికి బొంత కుట్టుకుంట. రేపు నువ్వు నాతోని వస్తున్నవ్. రింగు పెడ్తరట. నీకు ఎన్నడన్న ఎవలన్న రింగు తొడిగిండ్రా? ముసలితనంల ఇప్పుడు తొడుగుతరు."

"థూ, నీ నోరు పాడుగాను," అని నవ్వింది. నవ్వుతూ సగంలో గట్టిగా కళ్ళు మూసుకుంది. ఎందుకో నాకు తెలుసు. పాత నేలగుడ్డ అందుకుని ఆమె పక్కన పెట్టాను.

మర్నాడు ఆసుపత్రి వరండాలో పొడుగాటి బల్ల మీద కూర్చున్నాం. గోడ వైపు చిన్నమ్మ, ఇటు నేను. ఎందుకు వదిలామో తెలియదు, మా ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టే చోటు వదిలాం. లోపల బెన్ ఎవరికో చెబుతోంది, ఊపిరి ఆపొద్దు, పైకి, మెల్లగా వదలండి. నేనూ బల్ల మీద కూర్చుని ఆ మాటల వెంట పైకి లాగుతూ, వదులుతూ ఉన్నాను. రెండు పాదాలూ నేల మీద పెట్టుకున్నాను. మడమకు ఏదో వెలితిగా ఉంది.

కడుపుతో ఉన్న అమ్మాయి ఒకతె వచ్చి, మధ్యలో ఉన్న చోటు చూసి, "జరా సర్కో, మాసీ," అంటూ కూర్చోబోయింది.

చిన్నమ్మ ఆ ఖాళీ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు బిడ్డా," అంది. "ఇక్కడ మనిషున్నది."

ఆ అమ్మాయికి తెలుగు రాదు. నా వైపు చూసింది. నేను కాదనలేదు. ఇవతలి పక్కనున్న నా చేతిసంచీ ఒళ్ళోకి తీసుకుని, ఆమెకు ఇటు చోటిచ్చాను.